ఒక్క వేలితో

1970. డెట్రాయిట్ నగరం. వేసవి రాత్రి.

వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు. మోటౌన్ రికార్డు కంపెనీది. రోడ్డు మీంచి చూస్తే మామూలు ఇల్లే. ముందు వైపు మాత్రం ‘హిట్స్‌విల్ యూఎస్ఏ’ అని పెద్ద అక్షరాల బోర్డు. వెనక గ్యారేజీని స్టూడియో చేశారు. కంట్రోల్ రూమ్ లోంచి మెట్లు దిగి అందులోకి వెళ్లాలి. పైనుంచి వైర్లు పాముల్లా వేలాడుతుంటాయి. వాద్యకారులు ఆ గదిని ‘స్నేక్‌పిట్’ అంటారు. లోపల సిగరెట్ పొగ. ఉక్కపోత. గిటార్లు శ్రుతి చేసుకుంటున్నారు. డ్రమ్స్ దగ్గర మనిషి ఉన్నాడు. కాంగాల వెనక ఎడ్డీ ‘బొంగో’ బ్రౌన్ ఉన్నాడు. ఒక్క స్టూలు మాత్రం ఖాళీ.

ఆ స్టూలు బేస్ గిటారు వాయించే జేమ్స్ జేమర్సన్‌ది. అతను రాకపోతే ఈ పాట చెయ్యనని గాయకుడు మార్విన్ గే భీష్మించుకున్నాడు.

గేకి అప్పుడు 31 ఏళ్లు. మార్చిలో టామీ టెరెల్ చనిపోయింది. తనతో జంటగా ఎన్నో పాటలు పాడిన పిల్ల. బ్రెయిన్ ట్యూమర్. వయసు 24. గే తమ్ముడు వియత్నాం నుంచి తిరిగొచ్చి అక్కడ చూసినవన్నీ చెప్పాడు. ప్రేమపాటలు పాడటానికి గేకి ఇక మనసొప్పలేదు. అప్పుడే ఫోర్ టాప్స్ గాయకుడు ఓబీ బెన్సన్ ఒక పాటతో వచ్చాడు. కాలిఫోర్నియాలో కుర్రాళ్ల మీద పోలీసులు విరుచుకుపడటం కళ్లారా చూసి, కడుపు మండి మొదలుపెట్టిన పాట. పేరు ‘వాట్స్ గోయింగ్ ఆన్’. తొలిసారి తన పాటకి తనే నిర్మాత అయ్యాడు గే. కంపెనీ ఏమంటుందో తెలీదు. బేస్ ఎవరు వాయించాలో మాత్రం తెలుసు.

ఆ మనిషి ఎక్కడ?

ఆ రాత్రి సంగతి మోటౌన్ మనుషులు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. జేమర్సన్‌కి పగలు స్టూడియో, రాత్రి బార్లు. స్టూడియోలో ఎంత సంపాదించినా, జనం ముందు వాయించకపోతే అతనికి నిద్ర పట్టదు. అందుకే గే బార్లన్నీ గాలించాడు. చివరికి ఒక చోట దొరికాడు. చిన్న వేదిక. ఏదో బ్లూస్ బ్యాండ్. అందులో బేస్ వాయిస్తూ జేమర్సన్. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. కారెక్కించారు. స్టూడియో మెట్లు దింపారు. స్టూలు మీద కూర్చోబెట్టారు.

కూర్చోలేకపోయాడు. అంతగా తాగి ఉన్నాడు.

ఎదురుగా స్టాండు మీద నోట్స్. అరేంజర్ డేవిడ్ వాన్ డెపిట్ రాసిచ్చిన కాగితాలు. మామూలుగా జేమర్సన్‌కి ఎవరూ ఇంత వివరంగా రాసివ్వరు. స్వరసమూహాల (కార్డ్స్) గుర్తులు రాసిచ్చి వదిలేస్తే తక్కింది అతనే చూసుకుంటాడు. ఈసారి అలా కాదు, ప్రతి స్వరం రాసి ఉంది. కాగితం మీది ఆ సన్నటి గీతలు తాగిన కళ్లకి ఆనతాయా? జేమర్సన్ స్టూలు దిగాడు. నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. గిటారు పొట్ట మీద పెట్టుకున్నాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ గిటారు సంగతి వాళ్లకి తెలుసు.

అది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. షాపులో అందరికీ అమ్మే రకమే. దాని మెడ మొదట్లో ‘ఫంక్’ అని తనే రాసుకున్నాడు. తీగలు లా బెల్లా కంపెనీవి. లావువి, నున్నటివి. తెగితే తప్ప మార్చడు. ఏళ్ల తరబడి పేరుకున్న చెమట, జిడ్డు, మురికి అన్నీ ఆ తీగల మీదే ఉన్నాయి. ఆ బొద్దు నాదం వాటిలోంచే వస్తుందని అతని నమ్మకం. తీగలు మెడకి చాలా ఎత్తున ఉంటాయి. ఇంకెవరైనా ఆ గిటారు తీసుకుంటే వేళ్లు నొప్పెట్టి కాసేపటికే పక్కన పెట్టేస్తారు. బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క. వాల్యూమ్, టోన్ రెండూ పూర్తిగా తిప్పి ఉంటాయి. స్టూడియోలో ఆంప్ లేదు, వైరు తిన్నగా మిక్సింగ్ బోర్డులోకి వెళ్తుంది. అంతే, ఇంక వేరే హంగులేమీ లేవు. కొత్త గిటారు కొంటే కొత్త నాదం వస్తుందని నమ్మే కుర్రాళ్లు ఈ జాబితా ఒకటికి రెండుసార్లు చదవాలి.

కుడిచేతిలో వాడేది ఒకటే వేలు. చూపుడువేలు. దాన్ని జనం ‘ది హుక్’ అన్నారు.

జేమర్సన్‌ది సౌత్ కరోలినా. 1936లో పుట్టాడు. 1954లో తల్లితో పాటు డెట్రాయిట్ వచ్చి నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లో చేరాడు. స్కూల్లో చేతికి తగిలింది డబుల్ బేస్. మనిషంత ఎత్తు వాద్యం. దాని లావు తీగల్ని లాగీ లాగీ ఆ వేలు కొక్కెమైంది. కొన్నేళ్లకి ఎలక్ట్రిక్ బేస్ గిటారుకి మారాడు. వేలు మాత్రం పాతదే. మొదటి గిటారుని దొంగలెత్తుకెళ్లారు. ఆ వేలికి చివరికి దక్కింది ఈ 1962 ఫెండర్. ‘మై గర్ల్’, ‘డ్యాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్’, ‘యూ కాంట్ హర్రీ లవ్’ పాటలన్నిటి అడుగునా కదిలేది అదే. మొదట్లో పాటకి పది డాలర్లిచ్చేవారు. అమెరికా అంతా ఆ పాటలకి చిందులేసింది. రికార్డు అట్ట మీద మాత్రం అతని పేరు లేదు.

ఇప్పుడతను నేల మీద ఉన్నాడు. కళ్లు కాగితం మీద. టేపు తిరగడం మొదలైంది.

వేలు తీగని తాకింది, మూలస్వరం మీద ఒక్క క్షణం నిలబడింది, అక్కణ్నుంచి పక్క స్వరాల్లోకి జారి, ఖాళీ తీగని మీటి, గాయకుడు ఊపిరి తీసుకున్న చోట తను మాట కలిపి, అతను పాడుతున్న చోట తగ్గి, తాళానికి ఎక్కడా దూరం కాకుండా తాళాన్ని అంటిపెట్టుకోకుండా, బరువు మొత్తం తన మీద వేసుకుని, పాట చివరిదాకా అలా నడుస్తూనే వెళ్లింది. తూలిన కాళ్లు ఆ నడకలో ఎక్కడా కనబడవు.

ఇంటికెళ్లి భార్యతో ఒకటే చెప్పాడు, ఇవాళ ఓ గొప్ప పని చేశామని. తర్వాతి కాలంలో ఆమే ఈ సంగతి గుర్తు చేసుకుంది. తను వాయించిన పాటల గురించి ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదతను.

కంపెనీ అధిపతి బెర్రీ గోర్డీకి మాత్రం ఆ పాట నచ్చలేదు.

అది విడుదలయ్యేదాకా ఇంకో పాట పాడనని గే మొండికేశాడు. నెలలు గడిచాయి. 1971 జనవరిలో రికార్డు బయటికొచ్చింది. బిల్‌బోర్డ్ పాప్ జాబితాలో రెండో స్థానం దాకా ఎగబాకింది. సోల్ జాబితాలో మొదటి స్థానం. వెంటనే ఆల్బమ్ కావాలంది కంపెనీ. మే నెలలో ఆల్బమ్ వచ్చింది. కొన్నవాళ్లు అట్ట తిప్పి చూశారు. మోటౌన్ రికార్డుల్లో అంతకుముందు లేనిది ఒకటి అక్కడ కనబడింది. వాద్యకారుల పేర్లు! బేస్ దగ్గర జేమ్స్ జేమర్సన్ పేరుంది. పేరుకి ముందు సాటిలేనివాడు అనే మాట కూడా ఉంది.

పదేళ్లకి పైగా వాయించాక దక్కిన పేరది. ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు.

1972లో మోటౌన్ డెట్రాయిట్‌లో దుకాణం కట్టేసి లాస్ ఏంజిలెస్‌కి మకాం మార్చేసింది. పాటల్ని మోసిన వాద్యకారుల్లో చాలామంది డెట్రాయిట్‌లోనే మిగిలిపోయారు. జేమర్సన్ సామాను సర్దుకుని కాలిఫోర్నియా వెళ్లాడు. అక్కడి సంగీతం అప్పటికే మారిపోతోంది. బేస్ గిటారు గణగణలాడాలన్నారు. కొత్త తీగలెయ్యమన్నారు. బొటనవేలితో కొట్టి వాయించమన్నారు. అతను తీగలు మార్చలేదు. ఫోన్లు తగ్గాయి. సీసా దగ్గరైంది. తాగుడు అతన్ని తినేసింది నిజమే. కానీ ఆ పాటల మీద కోట్లు గడించిన సంస్థ అతన్ని ఎక్కడ ఉంచిందన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

1983 మార్చి 25. పాసడీనా సివిక్ ఆడిటోరియం. మోటౌన్ పాతికేళ్ల పండగ.

లోపల దీపాల వెలుగు, టీవీ కెమెరాలు, తారలు. మైకేల్ జాక్సన్ వేదిక మీద మూన్‌వాక్ చేసిన రాత్రి ఇదే. జేమర్సన్‌కి పిలుపు రాలేదు. బయట బ్లాక్‌లో టిక్కెట్టు కొనుక్కున్నాడు. ఎక్కడో వెనక సీట్లో కూర్చున్నాడు. తను వాయించిన పాటలు ఒక్కొక్కటే వేదిక మీదికొస్తున్నాయి. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. ఇంతలో మార్విన్ గే వచ్చి పియానో ముందు కూర్చున్నాడు. నల్లవాళ్ల సంగీతం ఎక్కడ పుట్టి ఎక్కడిదాకా వచ్చిందో మెల్లగా చెప్పాడు. తర్వాత లేచి పాట అందుకున్నాడు.

‘వాట్స్ గోయింగ్ ఆన్’.

వేదిక మీద బేస్ వేరే ఎవరో వాయించారు.

తర్వాత కొన్ని నెలలకే జేమర్సన్ మంచం పట్టాడు. లివర్ పాడైంది, గుండె బలహీనపడింది, దానికి న్యుమోనియా తోడైంది. అవే రోజుల్లో ఆ 1962 ఫెండర్‌ని ఎవరో దొంగిలించారు. ఆగస్టు 2న జేమర్సన్ కన్నుమూశాడు. 47 ఏళ్లు.

1989లో అతని మీద పుస్తకం వచ్చింది. దాంతో ప్రపంచమంతా బేస్ వాయించేవాళ్లు ఆ ఒక్క వేలి పనితనాన్ని స్వరం స్వరం నేర్చుకోవడం మొదలుపెట్టారు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అతని పేరు చేర్చుకుంది. బీటిల్స్ బేసిస్టు పాల్ మెకార్ట్‌నీ తన మీద జేమర్సన్ ప్రభావం ఎంతుందో ఎన్నోసార్లు చెప్పాడు. పోయిన గిటారు మాత్రం దొరకలేదు.

ఈసారి పెళ్లిలోనో, వినాయక చవితి పందిట్లోనో ఆర్కెస్ట్రా వింటే, పాటయ్యాక వెనక వరసలోకి వెళ్లండి. బేస్ వాయించిన మనిషి పేరేమిటో అడిగి తెలుసుకోండి.