కంప్యూటరు చదువు - విశ్వవిద్యాలయపు ఎన్నిక

ప్రతి సంవత్సరము వేసవి దాటునప్పటికి విశాఖపట్టణములోని అనేక గృహములలో ఒకే చర్చ సాగుచుండును. ఇంటర్మీడియెట్ ముగిసినది, ప్రవేశపరీక్షలో ర్యాంకు వచ్చినది, ఇక కౌన్సెలింగులో ఏ కళాశాల పేరు ముందు పెట్టవలెను, ఏది తరువాత పెట్టవలెను? కంప్యూటరు సైన్సు సీటు దొరికినచో ఇంట పండుగ. దొరకనిచో పిల్లవాని బ్రతుకే చేజారినట్లు తల్లిదండ్రులు దిగులుపడుదురు. పొలము తాకట్టు పెట్టియైనను ఆ సీటు సంపాదింప జూచువారును కలరు. నాలుగేండ్ల కాలమును, కుటుంబపు ధనమును ఒడ్డి చేయు ఈ నిర్ణయమునకు ఆధారమేమి? ఈ ప్రశ్నకు చరిత్ర కొంత సమాధానము చెప్పగలదు.

ముందుగా ఒక విషయము గుర్తుంచుకొనవలెను. విశ్వవిద్యాలయములలో బోధింపబడు శాస్త్రములలో కంప్యూటరు శాస్త్రము మిక్కిలి పిన్న వయస్సుది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1953లో ఈ విషయమున ఒక డిప్లొమాను ప్రారంభించినది. అమెరికాలో మొదటి కంప్యూటరు శాస్త్ర శాఖ పర్డ్యూ విశ్వవిద్యాలయమున 1962లో ఏర్పడినది. మన దేశమున కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లో ఐ.బి.ఎం. 1620 యంత్రము వచ్చిన పిదప ఈ బోధన వేళ్లూనసాగినది. అంతకుముందు ఆ పేరుతో పట్టాయే లేదు. కావున పట్టా పేరు చూచి విశ్వవిద్యాలయమును ఎన్నుకొనుటకు వీలే లేకుండెను. మరి ఆనాటి విద్యార్థులు ఏమి చూచిరి? ఇద్దరు తెలుగువారి కథలను పరిశీలింతము.

వాల్తేరు నుండి కలకత్తాకు

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరునకు తరలి వచ్చినది. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా నుండిన కాలమున, జయపురము మహారాజు విక్రమదేవవర్మ విరాళముల ఆసరాతో విజ్ఞానశాస్త్ర శాఖలు నెలకొన్నవి. 1933లో విశాఖ ఓడరేవు తెరువబడినది. ఆ యుగమున వాల్తేరులో గణితశాస్త్రము చదివి ఎం.ఏ.లో ప్రథమశ్రేణి పొందిన విద్యార్థి కల్యంపూడి రాధాకృష్ణ రావు.

యుద్ధకాలమున రావుగారు సైన్యపు సర్వే విభాగములో గణితజ్ఞుని ఉద్యోగము కొరకు కలకత్తా వెళ్లిరి. ఆ ఉద్యోగము లభింపలేదు. కాని అచట భారతీయ గణాంక సంస్థలో శిక్షణ పొందుచున్న ఒకరితో పరిచయము కలిగి, ఆ సంస్థను చూడబోయిరి. అది మహలనోబిస్ 1931లో స్థాపించినది. ప్రెసిడెన్సీ కళాశాలలోని ఒక గదిలో మొదలైనది. దానికి పట్టాల నిచ్చు అధికారము లేదు. ఆ అధికారము 1959 నాటి చట్టముతో గాని రాలేదు. అయినను రావుగారు 1941 జనవరిలో అందు చేరిరి. పంటల దిగుబడి, మనుష్యుల కొలతలు మొదలగు నిజమైన అంకెల రాసులపై అచట పని సాగుచుండెను. పట్టా మాత్రము ఆయన 1943లో కలకత్తా విశ్వవిద్యాలయము నుండి పొందిరి.

రెండేండ్లు గడచునప్పటికి, 1945లో, ఆయన ఒక వ్యాసము ప్రకటించిరి. దాని సారమును విశాఖ ఓడరేవు ఉదాహరణతో చెప్పవచ్చును. ఓడలోనికి ఎత్తెడి మాంగనీసు ఖనిజమునంతను పరీక్షించుట సాధ్యము కాదు. కొన్ని మచ్చుతునకలను పరీక్షించి మొత్తము సరుకు నాణ్యమును అంచనా వేయుదురు. అంచనాలో కొంత దోషము తప్పదు. ఉన్న సమాచారముతో, ఎంత తెలివిగా లెక్కించినను, నిష్పాక్షికమైన అంచనాలోని దోషమును ఒక హద్దుకంటె తగ్గింపలేమని రావుగారు నిరూపించిరి. క్రామర్-రావు అవధి యను పేర ఇది నేడు కంప్యూటరు విద్యార్థులకు పాఠ్యాంశము.

అంకెలు ఉన్నచోటికే యంత్రములు వచ్చును. 1950ల నడుమ బ్రిటన్ నుండి హెచ్.ఇ.సి. 2ఎం అను డిజిటల్ కంప్యూటరును తెప్పించినది ఈ గణాంక సంస్థయే. మన దేశమునకు వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటరు అదియే.

కాటూరు నుండి స్టాన్‌ఫర్డుకు

రెండవ కథ రాజ్ రెడ్డిగారిది. ఆయన 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించిరి. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టా పొందినది సివిల్ ఇంజనీరింగులో. తరువాత ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున చేరి, 1960లో ఎం.టెక్. పూర్తి చేసిరి. ఆ విశ్వవిద్యాలయమున 1956లోనే డ్యూస్ అను కంప్యూటరు నెలకొల్పబడి యుండెను. రెడ్డిగారు తొలిసారి కంప్యూటరును వాడినది అచటనే. మూడేండ్లు ఐ.బి.ఎం.లో పనిచేసి, 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. అప్పటికి స్టాన్‌ఫర్డులో కంప్యూటరు శాస్త్రము ప్రత్యేక శాఖ కాదు. గణితశాఖలో ఒక భాగము మాత్రమే. అది 1965లో వేరు శాఖ అయినది. కాని అచట జాన్ మెకార్తీ యను ఆచార్యుడు యంత్రములకు మేధస్సు కల్పించు విషయమై పరిశోధించుచుండెను. ఆయన శిష్యుడై రెడ్డిగారు 1966లో డాక్టరేటు పొందిరి. మనిషి మాటను యంత్రము గ్రహించునట్లు చేయుట ఆయన విషయము. 1994లో ఆయనకు ట్యూరింగు బహుమానము లభించినది.

కథల నుండి కొలబద్ద

ఈ రెండు కథలు చదివి, ఏ కళాశాలలో చేరినను ఒకటే యని తలచుట పొరపాటు. ఇద్దరును ఊరు విడిచి, పని జరుగుచున్న చోటిని వెదకికొని పోయిరి. అందరును రావులు, రెడ్లు కాగలరా యని అడుగవచ్చును. కాలేరు. వారి ప్రతిభను అనుకరింప లేము. కాని వారి ఎన్నిక నుండి ప్రశ్నలను నేర్చుకొనవచ్చును.

మొదటిది: అచట గణితము, గణాంకము ఎంత లోతుగా బోధింతురు? యంత్రములు, భాషలు ఏండ్లలో మారును, ఇవి మారవు. రెండవది: బోధించువారు తామును ఏదైన సమస్యపై పని చేయుచున్నారా? మూడవది: ప్రయోగశాల తరగతి గంట ముగిసిన తరువాతను విద్యార్థికి తెరచియుండునా? నాలుగవది: పొరుగున ఇతర శాస్త్ర శాఖలు కలవా?

ఈ కడపటి ప్రశ్న విశాఖలో మరియు ముఖ్యము. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము ఈ నగరమున కలదు. ఉక్కు కర్మాగారములలో కొలిమి వేడిని, వాయువుల పాళ్లను తెలుపు అంకెలు కంప్యూటరుకు చేరును. ఏ అంకె నమ్మదగినది, ఏది పరికరపు దోషము అని తేల్చుటకు కేవలము ప్రోగ్రాము వ్రాయు నేర్పు చాలదు; భౌతిక, రసాయన, గణాంక శాస్త్రముల తోడు కావలెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1955లో ఇంజనీరింగు శాఖ ఏర్పడినది. నేడు అచటి కంప్యూటరు శాఖ పేరు కంప్యూటర్ సైన్స్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్. కంప్యూటరు ఒంటరి యంత్రము కాదనియు, అది ఒక పెద్ద వ్యవస్థలో భాగమనియు ఆ పేరే చెప్పుచున్నది.

కావున కోరిన సీటు దొరకక గణితములోనో, గణాంకములోనో, ఎలక్ట్రికల్ ఇంజనీరింగులోనో చేరిన విద్యార్థికి తలుపు మూసుకొనిపోలేదు. సీటు దొరికిన విద్యార్థికి తలుపు తెరచుకొన్నది గాని ప్రయాణము ముగియలేదు. ఉపాధ్యాయులు కౌన్సెలింగునకు ముందే ఈ మాటను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును చెప్పుట మేలు. 2007లో హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో సి.ఆర్. రావు పేరిట ఒక ఉన్నత సంస్థ ఏర్పడినది. గణితము, గణాంకము, కంప్యూటరు శాస్త్రము - ఈ మూడును ఆ సంస్థ పేరులోనే కలిసియున్నవి. వాల్తేరులో గణితము చదివి బయలుదేరిన ఒక యువకుని పేరున ఆ మూడును ఒకచోట చేరినవి.