వేధశాల నీడలో పెరిగిన చదువు

నక్షత్రాల పరిశీలననే వృత్తిగా ఎంచుకునే విద్యార్థికి దారి ఎక్కడ మొదలవుతుంది? ఎమ్మెస్సీ పట్టాతోనో విదేశీ సీటుతోనో అంటాం. హైదరాబాదు చరిత్ర చూస్తే, చేరువలో పనిచేసే వేధశాల దగ్గరే అది మొదలవుతుందని తెలుస్తుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల ఆయన తదనంతరం నిజాం ప్రభుత్వానికి దక్కి, బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశం మొత్తాన్నీ ఫోటో ప్లేట్ల మీదికెక్కించే అంతర్జాతీయ పథకంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీ దాని వంతు. రాత్రి ప్లేటు తీయాలి, పగలు ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి రాయాలి. ఏళ్ల తరబడి సాగిన ఈ ఓపిక పనే అక్కడి అసలు పాఠం.

ఆ వేధశాల ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. ఉస్మానియాలో ఖగోళశాస్త్ర శాఖ ఏర్పడింది 1959లో. అంతకు చాలా ముందే, నిజాం కళాశాలలో చదువుకునే రోజుల్లోనే, బప్పు వెలుగు మారే నక్షత్రాలను పరిశీలించి ఫలితాలు ప్రచురించారు. 1949లో హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్ చేరిన కొన్ని నెలలకే, తాను తీసిన ప్లేటులో కొత్త తోకచుక్కను గుర్తించారు. అది బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్కగా పేరు పొందింది. ప్లేటులో ఏది మామూలో ఎరిగిన కంటికే కొత్తది కనబడుతుంది.

తండ్రి కొలువు కలిసొచ్చిందనీ, చివరికి హార్వర్డే ఆయన్ను తీర్చిదిద్దిందనీ ఎవరైనా అనవచ్చు. రెండూ నిజమే. కానీ తండ్రి వల్ల దొరికింది వేధశాల చనువే. ఆ చనువు ఉద్యోగుల పిల్లలకే పరిమితం కాకూడదన్నదే ఇక్కడి వాదన. 1960ల చివర జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని ఆ అవకాశాన్ని పరిశోధక విద్యార్థులకు తెచ్చింది. ఇప్పుడు సమాచారమంతా కంప్యూటర్లోనే దొరుకుతుంది కదా, దూరదర్శిని ముట్టుకోవడమెందుకన్నది మరో అభ్యంతరం. మబ్బు, గాలి అలజడి, పరికరం లోపం కొలతను ఎలా చెడగొడతాయో స్వయంగా చూడనివారు ఆ సమాచారంలో ఏది నక్షత్రానిదో, ఏది పరికరానిదో ఎలా తేల్చుకుంటారు?

అందుకే ఖగోళశాస్త్రం బోధించే ప్రతి విశ్వవిద్యాలయమూ, చిన్నదైనా సరే పనిచేసే దూరదర్శినిని విద్యార్థి చేతికివ్వాలి.