చదరంగం: మనిషి బుర్ర, యంత్రం లెక్క

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. ఆ ఆటలో మనిషిని ఓడించిన యంత్రం కథలోనూ ఒక తెలుగువారు ఉన్నారన్న సంగతి మన సంఘ సభ్యులలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు.

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. కృత్రిమ మేధ శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షులుగా 1988లో చేసిన ప్రసంగంలో వారు పరిశోధకుల ముందుంచిన పెద్ద సవాళ్ళలో, ప్రపంచ ఛాంపియన్ స్థాయి చదరంగ యంత్రం ఒకటి. అదే విశ్వవిద్యాలయంలో 1985 నుంచి కొందరు విద్యార్థులు అటువంటి యంత్రం కోసం పాటుపడుతున్నారు. వారి డీప్ థాట్ 1988లోనే డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ లార్సెన్‌ను ఓడించింది. మరుసటి ఏడాది కాస్పరోవ్ మాత్రం దాన్ని రెండు ఆటల్లోనూ చిత్తు చేశాడు. తరువాత ఆ బృందం ఐ.బి.యం. కంపెనీలో చేరి డీప్ బ్లూను తయారుచేసింది. 1996లో ఫిలడెల్ఫియాలో కాస్పరోవ్ 4–2తో నెగ్గాడు. 1997 మేలో న్యూయార్క్‌లో 3½–2½తో ఓడాడు.

ఆ వార్త వచ్చిన నాటికి మనది రంగారెడ్డి జిల్లా. వికారాబాద్ నుంచి తాండూరుకు రోజూ రైలులో పోయివచ్చే గుమాస్తాలం కొందరం చదరంగం బల్ల వెంట ఉంచుకునేవాళ్ళం. ఆఫీసుకు కంప్యూటర్ వస్తే టైపిస్టు పోస్టులు ఏమవుతాయోనని బెంగపడుతున్న రోజులవి. సెకనుకు 20 కోట్ల స్థితులను లెక్కగట్టే యంత్రమని పేపర్లో చదివి, "దానికి డి.ఏ. లేదు, మెడికల్ లీవు లేదు, అలసట అసలే లేదు. గెలవక ఏం చేస్తుంది?" అన్నారు ఒక మిత్రులు. ఇక ఈ ఆట పనైపోయిందని అందరం తీర్మానించాం.

కానీ ఆ పోటీ రెండో ఆట సంగతి చూడండి. 45వ ఎత్తు తరువాత కాస్పరోవ్ ఓటమి ఒప్పుకుని లేచిపోయాడు. డ్రా చేసుకునే దారి ఉందని విశ్లేషకులు ఆ వెంటనే చూపారు. అంతటి ఆటగాడు ఆ దారి వెతకనైనా లేదు. యంత్రం ఇంత దూరం వచ్చిందంటే అన్నీ చూసే ఉంటుందని నమ్మేశాడు. ఆయనను ఓడించింది లెక్క కంటే ఆ నమ్మకమే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఛాంపియన్‌ను మించిన యంత్రం మనుమల చేతి ఫోనులోనే ఉంది. అయినా ఆట పోలేదు. వరంగల్ కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటాడు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబపు దొమ్మరాజు గుకేశ్‌ది మరీ విచిత్రం. గురువు విష్ణు ప్రసన్న గారు చాలాకాలం అతణ్ణి కంప్యూటర్ జోలికి పోనివ్వలేదు. ఎత్తు మంచిదో కాదో తనే తేల్చుకోవాలని పట్టుబట్టారు. 2019లో 12 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యేదాకా ఆ సాధన అలాగే సాగింది. మా ఇంట్లో పిల్లలు మాత్రం ఎత్తు వేయకముందే ఫోనును అడుగుతారు. చెబితే నవ్వుతారు.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట. ఇద్దరికీ చెరి 6½ పాయింట్లు. అందరూ డ్రా అనుకుంటుండగా చైనా ఆటగాడు డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా ఏనుగును తప్పు గడిలోకి జరిపాడు. కంప్యూటర్ విశ్లేషణ చూస్తున్న ప్రేక్షకులకు ఆ తప్పు తక్షణమే తెలిసిపోయింది. బల్ల దగ్గర కూర్చున్న 18 ఏళ్ళ గుకేశ్‌కు చెప్పేవారు లేరు. మొదట తాను వేరే ఎత్తు వేయబోయానని, అంతలో ఎదుటి శకటు చిక్కుకుందని గమనించానని అతనే తరువాత చెప్పాడు. ఏనుగులు మార్చుకున్నాడు, శకటులు మార్చుకున్నాడు. చివరకు ఒక్క బంటు ఎక్కువ మిగిలింది. 58వ ఎత్తుకు డింగ్ చేయి కలిపాడు.