మదరాసుపై గుండ్లు కురిపించిన ఎండెన్

1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మదరాసు రేవుపై ఫిరంగిగుండ్లు కురిసినవి. నాడు మన గుంటూరు జిల్లాకును మదరాసే రాజధాని. అందుచేత ఆ నౌక చరిత్రలో మనకును పాలున్నది.

జర్మనుల ఎండెన్ 1908లో డాన్జిగ్‌లో జలప్రవేశము చేసి, మరుసటి యేడు కొలువులో చేరినది. చైనా తీరమున చింగ్‌టావు రేవు దాని స్థావరము. 1911లో పొనపే ద్వీపవాసుల తిరుగుబాటును అణచుటలో దీనికిని చేయి కలదు. ఎండెన్‌ను మెచ్చువారు ఈ ఘట్టమును తరచుగా మరచెదరు.

యుద్ధము రాగా కెప్టెన్ ఫాన్ ముల్లర్ తన దళమును విడిచి నౌకను బంగాళాఖాతమునకు నడిపినాడు. ఆంగ్ల నౌకగా భ్రమింపజేయుటకై మూడు పొగగొట్టములకు తోడు బూటకపు నాల్గవదానిని నిలిపినారు. మదరాసు రేవున దీపములు వెలుగుచునే యున్నవి! అరగంటలో 120కి పైగా గుండ్లు ప్రేలినవి. బర్మా ఆయిల్ కంపెనీ టాంకులు మండినవి, కొందరు మరణించినారు. అంత పట్టణమునకు ఈ నష్టము స్వల్పమే. కాని సముద్రము ఇంగ్లీషువారిదేనన్న నమ్మకము ఆ మంటలలో బీటవారినది. వేలకొలది జనులు మూటాముల్లె కట్టుకొని పట్టణము విడిచినారు. హైకోర్టు ప్రహరీగోడపై ఆ రాత్రికి గుర్తుగా ఫలకమున్నది.

అక్టోబరు 28న పెనాంగు వద్ద రష్యా, ఫ్రెంచి యుద్ధనౌకలను ముంచిన ఎండెన్, నవంబరు 9న కోకోస్ దీవులకడ ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ధ్వంసమైనది. 130 మందికి పైగా నావికులు మడిసినారు. కెప్టెన్ బందీగా చిక్కినాడు.