డాక్టర్ అవ్వాలంటే ముందు కెమిస్ట్రీ ఎందుకు? ఈ రూల్ వెనక ఉన్న కథ

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో బీటెక్ చేసి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి అనుకోండి. వయసు ముప్పై దగ్గరపడింది. ఇప్పుడు డాక్టర్ అవ్వాలని ఉంది. అవ్వొచ్చా? అవ్వొచ్చు. కానీ గుమ్మంలోనే అడుగుతారు: బయాలజీ చదివావా? కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబ్‌తో సహా చేశావా? అసలు ఈ ప్రశ్నలు ఎక్కడినుంచి వచ్చాయి?

పంతొమ్మిదో శతాబ్దం అమెరికాకి వెళ్దాం. అప్పట్లో చాలా మెడికల్ కాలేజీలు వ్యాపారాలే. ఫీజు కడితే సీటు. ఆ ఫీజుల్ని పాఠాలు చెప్పే డాక్టర్లే పంచుకునేవాళ్లు. డిగ్రీ సంగతి దేవుడెరుగు, హైస్కూల్ పూర్తికాని వాళ్లు కూడా చేరిపోయేవాళ్లు. నష్టం ఎవరికి? పేషెంట్‌కి.

1893లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్ తెరిచారు. అంతకుముందు డబ్బు చాలక ఆగిపోయింది. అప్పుడు మేరీ గారెట్ అనే ఆవిడ 3 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది, కానీ షరతులు పెట్టింది. ఆడవాళ్లకి మగవాళ్లతో సమానంగా సీట్లివ్వాలి. చేరేవాళ్లు ముందే డిగ్రీ, సైన్స్ చదివి ఉండాలి. ఆ రూల్ చూసి అక్కడి ప్రొఫెసర్ విలియం ఆస్లర్ జోక్ వేశాడట: మనం ప్రొఫెసర్లుగా వచ్చాం కాబట్టి బతికిపోయాం, స్టూడెంట్లుగా అయితే సీటే రాదు అని!

తర్వాత 1910. అబ్రహం ఫ్లెక్స్‌నర్ డాక్టర్ కాదు, స్కూల్ నడిపిన టీచర్. అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ స్కూళ్ల మీద రిపోర్ట్ రాశాడు. కనీసం రెండేళ్ల కాలేజీ సైన్స్ ఉండాలన్నాడు. నాసిరకం కాలేజీలు చాలా మూతపడ్డాయి. చదువు బాగుపడింది. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. అప్పుడున్న 7 నల్లజాతి మెడికల్ స్కూళ్లలో 5 మూతపడ్డాయి. హోవర్డ్, మెహారీ మాత్రమే మిగిలాయి. గుమ్మం ఎత్తు పెంచితే పేషెంట్‌కి మేలే. కానీ నిచ్చెన లేనివాడు బయటే ఉండిపోతాడు.

ఆ నిచ్చెన తర్వాత వచ్చింది. వేరే డిగ్రీ చేసినవాళ్ల కోసం 1972లో బ్రిన్ మార్ కాలేజీ ప్రత్యేక కోర్సు పెట్టింది. దీన్నే పోస్ట్‌బ్యాక్ అంటారు. ఇప్పుడు అలాంటివి చాలా చోట్ల ఉన్నాయి.

మరి మన అమ్మాయి ప్లాన్ ఎలా వేసుకోవాలి? కెమిస్ట్రీ ఒక గొలుసు. జనరల్ కెమిస్ట్రీ అయ్యాకే ఆర్గానిక్, ఆ తర్వాతే బయోకెమిస్ట్రీ. మధ్యలో దూకడం కుదరదు. అందుకే మొదటి టర్మ్‌లోనే కెమిస్ట్రీ మొదలుపెట్టాలి. బయాలజీ, ఫిజిక్స్ పక్కనే నడిపించొచ్చు. ఉద్యోగం చేస్తూ అయితే రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. తర్వాత ఎమ్‌క్యాట్ పరీక్ష. ఈ వేసవిలో అప్లై చేస్తే క్లాసులో కూర్చునేది వచ్చే ఏడాది వేసవికి. ఆ ఖాళీ ఏడాదిని కూడా లెక్కలో వేసుకోండి.

అన్నిటికంటే ముందు రెండు విషయాలు కనుక్కోవాలి. చాలా స్కూళ్లు ఈ సబ్జెక్టులు అమెరికాలోనో కెనడాలోనో చదివి ఉండాలంటాయి. మన బీటెక్ కెమిస్ట్రీ సరిపోకపోవచ్చు. అలాగే చాలా స్కూళ్లు సిటిజన్లకి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి మాత్రమే సీటిస్తాయి. ఇది తెలీకుండా ఫీజు కట్టేస్తే డబ్బూ పోయె, ఏళ్లూ పోయె.

ఇక మన దగ్గర? నీట్‌కి పై వయసు పరిమితి 2022లో తీసేశారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లు తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చని 2023లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. అంటే మన దగ్గరా తలుపు కొంచెం తెరుచుకుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ కెమిస్ట్రీ రూల్ మీకు అడ్డుగోడలా కనిపిస్తోందా? రేపు మీ అమ్మకి ఆపరేషన్ చేసే డాక్టర్ గురించి ఆలోచించి కామెంట్ పెట్టండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.