మిరప కల్లంలో దాగిన రెండు విటమిన్లు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో మిరపకోతలు మొదలైతే కల్లాలన్నీ ఎర్రబారతాయి. కాయ రంగును బట్టి ధర పలుకుతుంది. రంగు చెడి తెల్లబారిన కాయను తాలు కింద ఏరివేస్తారు. ఈ ఊళ్ల మందుల దుకాణాలకు నేడు విటమిన్ సి సీరమ్, రెటినాల్ క్రీమ్ కూడా వచ్చి చేరాయి. మొదటిదాని చరిత్రలో మిరపకు ప్రత్యక్ష పాత్ర ఉంది. రెండవదానికి మూలమైన పదార్థం మిరప ఎరుపులోనే కొంత దాగి ఉంది. ఆ చరిత్ర తెలిస్తే వీటి వాడకం సగం తెలిసినట్లే.

మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువారి ఓడల ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. యూరప్‌లో అది హంగేరీవారికి ప్రీతిపాత్రమైంది. ఆ దేశపు శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి జంతువుల అడ్రినల్ గ్రంథుల నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేసి 1928లో ప్రకటించాడు. అయితే అది లభించింది అత్యల్పంగానే. ఒక రాత్రి భోజనంలో భార్య వడ్డించిన తాజా మిరపకాయను తినబుద్ధి కాక ప్రయోగశాలకు తీసుకుపోయానని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. సెగెడ్ నగరపు మిరప నుంచి ఆ పదార్థం కిలోల లెక్కన లభించింది. స్కర్వీ వ్యాధిని నివారించే విటమిన్ సి అదేనని 1932లో తేలింది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీకి ఇది అత్యవసరం.

విటమిన్ ఎ ఉనికిని 1913లో మెకాలమ్, డేవిస్ గుర్తించారు. 1931లో పాల్ కారర్ దాని నిర్మాణాన్ని నిర్ధారించాడు. 1937 నోబెల్ బహుమతులలో వైద్యశాస్త్రానికి సెంట్ జార్జి, రసాయనశాస్త్రానికి హావర్త్, కారర్ ఎంపికయ్యారు. ఇలా ఈ రెండు విటమిన్లకు ఒకే ఏడాది గౌరవం దక్కింది. రెటినాల్ అంటే విటమిన్ ఎ. కంటిలోని రెటీనా పేరే దానికి వచ్చింది. మన దేశంలో దాని అవసరం ముందుగా కంటికే తెలిసింది. రేచీకటితో, అంధత్వంతో బాధపడే పసివారి కోసం హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ ద్రావణం పోసే జాతీయ కార్యక్రమం మొదలైంది.

చర్మం వంతు తరువాత వచ్చింది. అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ ఈ కుటుంబానికే చెందిన ట్రెటినోయిన్‌ను మొటిమలకు వాడాడు. ఎండకు ముడతలు పడిన చర్మాన్ని అది బాగుచేస్తుందని 1986లో చూపాడు. రెటినాల్ దానికంటే సౌమ్యం. చర్మంలోకి చేరాక క్రమంగా ఆ రూపానికి మారుతుంది.

ఇక కల్లం నేర్పే పాఠం చూడండి. పచ్చిమిర్చిలో సమృద్ధిగా ఉండే విటమిన్ సి ఎండబెట్టేటప్పుడు చాలావరకు నశిస్తుంది. ఎరుపు నిలిచినా, వెలుతురుకూ వేడికీ అదీ క్రమంగా వెలిసిపోతుంది. అందుకే గుంటూరు చుట్టూ అన్ని శీతల గిడ్డంగులు. సీరమ్‌కూ ఇదే ధర్మం. గోధుమరంగుకు తిరిగిన సీరమ్ తాలుకాయతో సమానం, పారవేయండి. 20 శాతానికి మించిన గాఢత వల్ల అదనపు మేలు లేదు, మంట తప్ప.

ఉదయం విటమిన్ సి, దానిపై సన్‌స్క్రీన్. రాత్రి బఠాణీ గింజంత రెటినాల్, మొదట వారానికి రెండుసార్లే. చర్మం పొట్టు లేచినా, ఎర్రబడినా కొన్నాళ్లు ఆపండి. రెటినాల్ వాడుతూ ఎండలో పనిచేసేవారికి చర్మం త్వరగా కమిలిపోవచ్చు; కోతకు వెళ్లే అమ్మలకు ముందుగా కావలసింది తలపై గుడ్డ, నిండు చేతుల చొక్కా.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. ఈ కుటుంబానికే చెందిన ఐసోట్రెటినోయిన్ మాత్రలు గర్భస్థ శిశువుకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తాయి. కనుక గర్భిణులు, గర్భం ధరించదలచినవారు రెటినాల్ పూతకు కూడా దూరంగా ఉండాలి. తెల్లబరుస్తుందని ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీమును దీనితో కలిపి పూయకండి. అది చర్మాన్ని పలచబరుస్తుంది.

సీసా కొనలేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఉసిరి, జామ, మునగాకు, తోటకూర ఈ రెండు విటమిన్లను శరీరమంతటికీ అందిస్తాయి. క్రీము పనిచేసేది పూసినచోట మాత్రమే.