అనాతోతు పొలము

యూదా రాజైన సిద్కియా యేలుబడిలో పదియవ సంవత్సరమున, అనగా క్రీ. పూ. 587 ప్రాంతమున, బబులోను సేన యెరూషలేమును ముట్టడించియుండెను. పట్టణము శత్రువుల వశమగునని దేవుని మాట చెప్పినందున రాజు యిర్మీయా ప్రవక్తను చెరసాల ప్రాకారములో ఉంచెను.

ఆ దినములలో అతని తండ్రి సహోదరుని కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని వేడెను. శత్రుసేన క్రమ్ముకొనియున్న నేలను కొనువాడెవడు? అయినను అది దేవుని చిత్తమని యెరిగి, యిర్మీయా 17 తులముల వెండి తూచి యిచ్చెను. సాక్షులయెదుట క్రయపత్రము వ్రాసి ముద్రవేసెను. అది బహుదినములు నిలుచునట్లు మంటికుండలో ఉంచుమని బారూకునకు ఆజ్ఞాపించెను. ఆ దేశమున ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును మరల కొనబడునని దేవుడు సెలవిచ్చియుండెను.

ప్రవక్తకు కలవరము లేకపోలేదు. పట్టణము చేజారుచుండగా ఈ పొలమెందులకని ప్రార్థనలో విన్నవించుకొనెను. అయితే మొదట లోబడెను, తరువాతనే అడిగెను.

మరుసటి యేట యెరూషలేము కూలెను. పిమ్మట యిర్మీయాను ఐగుప్తునకు కొనిపోయిరి. అతడు ఆ పొలమున పంట కోసినట్లు లేఖనములలో ఎక్కడను కానరాదు. కాని క్రీ. పూ. 538లో పారసీక రాజైన కోరెషు సెలవియ్యగా, చెరనుండి మరలివచ్చినవారి లెక్కలో అనాతోతువారు 128 మంది యుండిరని ఎజ్రా గ్రంథము తెలుపుచున్నది.

చెప్పిన పనిని నమ్మకముగా చేయుట సేవ. దాని ఫలమును దేవుని చేతికి విడుచుట విశ్వాసము. స్వదేశమునకు దూరమై, బిడ్డల మేలుకొరకు పాటుపడువారికి ఈ చరిత్ర గొప్ప ఆదరణ.